లారీ సీను

ఆదివారం మ్యాట్నీ, రాజోలు.
హాల్లో మొత్తం పదకొండు మందిమి.
ఒక ఫ్యాను కిర్రుమంటోంది, రెండోది అదీ లేదు.
తెర మీద బొమ్మల కుక్క
తెలుగులో మాట్లాడేస్తోంది.
మన యాస కాదు, టీవీలో వార్తలు చదివే యాస.
మా దీవెన ఓ చేత్తో నా చెయ్యి పట్టుకుని
రెండో చేత్తో పాప్‌కార్న్ లెక్కపెట్టి తింటోంది,
సెకండాఫ్‌కి మిగలాలని.

కథేం పెద్దది కాదు.
ఒక ఇల్లు, ఒక కుక్క, ఇల్లు మారిపోయే మనుషులు.
సామానంతా లారీకెక్కించారు.
పియానో అంటారట, మంచమంత ఉంది, అదీ ఎక్కించారు.
కుక్క వెనకాలే పరిగెడుతోంది.
లారీ చిన్నదవుతోంది, కుక్క ఇంకా చిన్నదవుతోంది,
చుట్టూ మంచు,
మా లంకలో ఎవరి కాలూ తొక్కని మంచు.
సరిగ్గా అక్కడ
నా చేతిలోంచి దీవెన చెయ్యి తీసేసుకుంది.

విసురుగా కాదు.
చలేసినట్టు
ఒళ్లో పెట్టుకుంది.

అప్పుడు దానికి నాలుగేళ్లు.
మర్చిపోయిందనుకున్నాను.

మా కుక్క పేరు కండక్టరు.
రేవులో పంటు దిగే వాళ్లని
ఒక్కొక్కర్నీ వాసన చూస్తే గానీ వదలదని
మా బావ పెట్టాడు ఆ పేరు.
ఆ జులైలో భద్రాచలం దగ్గర మూడో హెచ్చరికన్నారు,
ధవళేశ్వరం గేట్లన్నీ ఎత్తేశారన్నారు.
లంకలో మాకు అంకెలతో పనేంటి?
వైనతేయ ఎర్రబడి, అరటితోట నడుం దాకా వచ్చి,
నేను ఒలవాల్సిన కాయల రాశి
ఒక్కొక్కటే లేచి
తనంతట తనే నడిచిపోతుంటే
తెలియదూ!

పడవొచ్చింది.
మా అమ్మ ఎక్కింది, రూతమ్మ ఎక్కింది, చంకలో దీవెన.
గ్యాస్ బండ. గంప కింద రెండు కోళ్లు.
దుప్పట్లో చుట్టిన టీవీ.
కండక్టరు గట్టు మీద నిలబడి తోకాడిస్తోంది,
తన వంతు ఇంకా రాలేదనుకుని.

"చోటు లేదన్నాడమ్మా పడవాయన"
మూడేళ్లుగా ఇదే చెబుతున్నాను,
అడిగిన వాళ్లకీ, అడగని వాళ్లకీ.
పడవాయన ఏమీ అనలేదు.
వానలో బీడీ వెలిగించుకునే తంటాలో ఉన్నాడాయన.
చోటుంది.
టీవీకి ఇంకా ఆరు వాయిదాలున్నాయి.

ఈదుకుంటూ వచ్చింది, వెదురుపొద దాకా.
ముందు తల కనబడేది, తర్వాత చెవులే.
ఆపైన వెనక్కి తిరిగింది.
అలిసిపోయి కాదు, నాకు తెలుసు,
ఇంటి దగ్గర ఎవరూ లేరని.

తొమ్మిదో రోజు వెళ్లాం. మోకాల్లోతు ఒండ్రు.
గోడ మీద నీటి గీత నా భుజమెత్తున.
వంటింటి శ్లాబు మీంచి దూకింది,
పక్కటెముకలన్నీ లెక్కకొస్తున్నాయి.
కరుస్తుందేమో అనుకున్నాను.
నిజం చెప్పాలంటే
కరిస్తే బావుణ్ననుకున్నాను.
అది మమ్మల్ని వరసగా వాసన చూసింది.
అమ్మ, రూతమ్మ, దీవెన,
ఆఖర్న నేను.
నలుగురూ సరిపోయారు.
అప్పుడు పడుకుంది.

తెర మీద మంచు కరిగింది,
వాళ్లు కుక్కని చేరారు,
వెనక వరసలో ఎవరో ముక్కు చీదారు.
పేర్లు పడ్డాయి, చీమల బారులా.
ఆ తోక గీసినాయన పేరు కూడా
అందులో ఎక్కడో ఉండే ఉంటుంది.
ఎప్పుడైనా ఎవర్నైనా వదిలొచ్చాడో ఏమో,
అంత బాగా గీశాడు.

బయట సమోసాలు కొనిచ్చాను.
ఒకటి తిని, ఒకటి కాగితంలో చుట్టింది.
ఆటోలో ఏమీ అడగలేదు.
పంటు మీదా అడగలేదు.
అడిగుంటే చెప్పేసేవాణ్ణి.

రేవులో కండక్టరు ఉంది.
అందర్నీ వాసన చూసి పంపించి
చివరికి మా దగ్గరికొచ్చింది.
దీవెన గట్టు మీదే చతికిలబడి
ముక్క ముక్క తుంచి పెడుతూ
దానికి సినిమా కథ మొత్తం చెప్పింది.
ఇల్లు, మంచమంత పియానో, మంచు,
నీలికళ్ల కుక్క మాట్లాడిన మాటలు ఆ యాసలోనే,
కొండ మీద వెలిగిన లాంతరు.

లారీ దగ్గరికి వచ్చేసరికి
ఆగింది.
ఒక్కసారి నా వైపు చూసింది.
"తర్వాతేమో..." అని
దాటేసింది.